ఓబులమ్మత్త తిని చూసిన చూర్ణం

పోయిన వేసవిలో పని మీద పులివెందుల వెళ్ళి మా చిన్నమ్మ మనవరాలి ఇంట్లో దిగాను. మధ్యాహ్నం భోజనాలయ్యాక ఆ అమ్మాయి నన్ను లోపలి గదిలోకి పిలిచి తలుపు దగ్గరగా వేసింది. బీరువాలో చీరల మడతల కింద నుంచి ఒక ప్లాస్టిక్ డబ్బా తీసి నా చేతిలో పెట్టింది. మూత మీద పచ్చటి ఆకుల బొమ్మ ఉంది. "పెద్దమ్మా, ఇది అన్నంలో కలిపితే తాగుడు మానేస్తారంట. రుచి ఉండదంట, వాసన ఉండదంట. ఆయనకు తెలియకుండానే పెట్టొచ్చంట. అంతా ఆకులూ ఏర్లేనంట. నమ్మొచ్చునా?" అని అడిగింది. కళ్ళద్దాలు పెట్టుకుని డబ్బా చుట్టూ తిప్పి చదివాను. ఏ ఆకో, ఏ వేరో ఎక్కడా రాసి లేదు. అదే మాట చెప్పాను. భర్తకు తెలిసేలా, భర్తను వెంటబెట్టుకుని డాక్టరు దగ్గరికి పొమ్మని, తోడు కావాలంటే నేనూ వస్తానని చెప్పాను. ఆ అమ్మాయి డబ్బాను మళ్ళీ చీరల కిందికి తోసి "సూస్తాలే పెద్దమ్మా" అంది. అంతకంటే నేను చేయగలిగిందేమీ లేకపోయింది. సాయంత్రం ప్రొద్దుటూరు బస్సెక్కి కిటికీ పక్కన కూర్చున్నాక, ముద్దనూరు దాటేదాకా నాకు మా ఓబులమ్మత్త తప్ప ఇంకేమీ గుర్తురాలేదు.

ఓబులమ్మత్త మా నాయనకు అక్క. చిన్న వయసులోనే మొగుడు పోతే, పుట్టింట్లో ఒకరి కంచం ముందు కూర్చోవడం ఇష్టం లేక జమ్మలమడుగులో మిషన్ ఆసుపత్రికి వెళ్ళి ఆయాగా చేరింది. నేలలు తుడవడంతో మొదలుపెట్టి, చూసి చూసి నేర్చుకుని, కట్లు కట్టడం, జ్వరం చూడడం, కాన్పుల దగ్గర నిలబడడం దాకా వచ్చింది. చదువు మూడో తరగతితో ఆగింది గానీ సీసాల మీద పేర్లు కూడబలుక్కుని చదివేది. రెండు వారాలకొక ఆదివారం తెల్లచీర కట్టుకుని, చిన్న గుడ్డసంచితో ప్రొద్దుటూరులో మా ఇంటికి వచ్చేది. ఆమె గడప దాటగానే ఇల్లంతా కార్బాలిక్ సబ్బు వాసన. మాకు ఆ వాసనంటే పండగ వాసనే. వచ్చీ రాగానే నా తల విప్పి పేలు చూసేది, అమ్మ గోళ్ళు చూసేది, వంటింట్లో నీళ్ళ కడవ మూత ఎత్తి చూసేది. పెన్నలో చెలమ తోడి తెచ్చుకున్న నీళ్ళే అయినా కాచి తాగాల్సిందే. ఆమె ఉన్న పూట పొయ్యి మీద ముందు నీళ్ళు, తర్వాతే సంగటి. ఎవరినీ గట్టిగా కసిరేది కాదు. ఒక ప్రశ్న అడిగేది. జవాబు చెప్పేటప్పుడు మన తప్పు మనకే తెలిసిపోయేది.

మా నాయన గంగన్న బస్సు డ్రైవరు. ప్రొద్దుటూరు నుంచి జమ్మలమడుగు, ముద్దనూరు మీదుగా పులివెందులకు ఒక ప్రైవేటు బస్సు నడిచేది. పొద్దున ఆరుకు బయలుదేరి, సాయంత్రానికి తిరిగొచ్చేది. నాయన ఐదింటికే లేచి, బండి చుట్టూ తిరిగి చక్రాలన్నింటినీ చేత్తో తట్టి, ముందర అద్దం తడిగుడ్డతో తుడిచి ఎక్కేవాడు. ఆయన ఖాకీ చొక్కా ఉతికి ఆరేసినా పెట్రోలు వాసన పోయేది కాదు. దారి పొడవునా ఊళ్ళవాళ్ళకు ఆయన పేరు తెలుసు. ముసలివాళ్ళు కనిపిస్తే బండి ఆపి, దిగి, చెయ్యిచ్చి ఎక్కించేవాడు. చెనిక్కాయల మూటలు తానే పైకి అందించేవాడు. ఇంట్లో ఎన్నడూ ఎవరి మీదా చెయ్యెత్తలేదు. తాగుబోతు మొగుళ్ళ గురించి లోకం చెప్పుకునే కథల్లో మా నాయన ఇమడడు. అందుకే ఆయన తాగుడు ఎంత ముదిరిందో మాకు శానా ఆలస్యంగా తెలిసింది.

కర్నూలు రాజధానిగా ఉండిన రోజులవి. మా జిల్లాలో అప్పటికే మద్యనిషేధం. కల్లంగళ్ళు మూతపడినాయి గానీ తాగేవాళ్ళ నాలుకలు మూతపడలేదు. వంకల్లో నాటుసారా కాగేది. మందు పేరుతో టింక్చర్లు అమ్ముడుపోయేవి. నాయన మొదట్లో బండి దిగాక సాయంత్రాలు తాగేవాడు. తాగి వక్కాకు నమిలి, నోరు ఎర్రగా చేసుకుని ఇంటికొచ్చి, తిని పడుకునేవాడు. తర్వాత పొద్దునపూట చేతులు వణకడం మొదలైంది. కాఫీ గ్లాసు రెండు చేతులతో పట్టుకుని తాగేవాడు. ఆ వణుకు ఆగడానికి బండెక్కేముందు ఒక గుక్క. ఒకనాడు ముద్దనూరు దగ్గర బస్సు రోడ్డు దిగి జొన్నచేలోకి పోయింది. ఎవరూ చావలేదు. ఒక ముసలమ్మకు మాత్రం చెయ్యి విరిగింది. బస్సు ఓనరు నాయనను పిలిచి, "నీ చెయ్యి మంచిదని ఇన్నాళ్ళు పెట్టుకున్న్యా గంగన్నా. ఇంకొక్కసారి అయితే నువ్వు బండి దిగాల్సిందే" అన్నాడు. నాయన ఆ మాట ఇంటికొచ్చి చెప్పి గోడవైపు తిరిగి పడుకున్నాడు. విరిగింది ఎవరి చెయ్యో ఆయనకు తెలుసు. నిడుజివ్వి దగ్గర రోజూ ఎక్కే అవ్వ ఆమె. ఆమెను తానే ఎక్కించాడు.

అప్పటినుంచి అమ్మ మందుల వేటలో పడింది. మొదట బజారులో ఒక మందులాయన దగ్గర సీసా కొనుక్కొచ్చింది. వనమూలికల టానిక్కు అన్నారు, రోజుకు రెండు చెంచాలు తాగితే నెలలో తాగుడు మీద విరక్తి పుడుతుందన్నారు. నాయన ఏ పేచీ పెట్టకుండా తాగాడు. రెండోనాడు తానే అడిగి తాగాడు. నెలకు రావలసిన సీసా నాలుగు రోజులకు అయిపోయింది. ఇంకో సీసా వచ్చింది. ఆయన ముఖంలో కళ వచ్చిందని, మందు పనిచేస్తున్నదని అమ్మ సంబరపడింది. ఆ ఆదివారం వచ్చిన ఓబులమ్మత్త అంతా విని, "మందును ఇంత ప్రీతిగా తాగే రోగిని ఆసుపత్రిలో నేనింతవరకూ సూడలేదు రామలక్ష్మీ" అంది. సీసా తెప్పించి వాసన చూసింది. గంటెలో కాస్త పోసి పొయ్యి మీద వెచ్చబెట్టి, అగ్గిపుల్ల గీసి దగ్గర పెట్టింది. గంటె మీద నీలంగా మంట లేచి, అటూ ఇటూ ఆడి, ఆరిపోయింది. అమ్మ దాన్ని చూసి పీట మీద కూలబడింది. అత్త గంటె కడిగి బోర్లించి, "వాడు సారా మానలేదు, అంగడి మార్చినాడు, అంతే" అంది. అమ్మ ఏడవలేదు. నవ్వింది. తాగుడు విషయంలో మా అమ్మ నవ్వడం నేను చూసింది అదొక్కసారే.

నవ్వినంత మాత్రాన అమ్మ ఆశ చావలేదు. శ్రావణ శనివారం గండికి పోయి ఆంజనేయస్వామికి మొక్కుకుని, పాపఘ్నిలో స్నానం చేసి వస్తుంటే, దారిపక్కన గోనెపట్ట పరుచుకుని కూర్చున్న ఒక గడ్డపాయన దగ్గర జనం మూగి ఉన్నారట. ఏడు రోజులు సంగటిలో కలిపి పెడితే ఎనిమిదో రోజు సీసా చూస్తేనే వాంతి వస్తుందని, ఎంతోమంది చేత మాన్పించానని చెప్పాడట. తాగేవాడికి తెలిస్తే మాత్రం మందు కట్టు తప్పుతుందట. అమ్మ కాగితం పొట్లం కొంగున కట్టుకుని వచ్చింది. సోమవారం మంచిరోజని, ఆరోజు పొద్దున నాయన సద్దిసంగటిలో ఒక చెంచా కలపమని నాకు చెప్పింది. అప్పుడు నేను హైస్కూల్లో ఆఖరి తరగతి చదువుతున్నాను. సద్దిమూట కట్టే పని నాది. "ఎవురికీ చెప్పొద్దు, దేవుని కాడ తెచ్చింది" అని అమ్మ నా చేత ఒట్టు వేయించుకుంది.

ఆదివారం అత్త వచ్చింది. మామూలుగానే నా తల విప్పి కూర్చుంది. ఆమె వేళ్ళు నా జుట్టులో తిరుగుతుంటే, ఆ పొట్లం గురించి చెప్పకుండా ఉండడం నా వల్ల కాలేదు. ఒట్టు తీసి గట్టు మీద పెట్టి అంతా చెప్పేశాను. అత్త జడ సగంలో ఆపి లేచి వంటింట్లోకి పోయింది. అమ్మ జొన్నరొట్టె తడుతోంది.

"రామలక్ష్మీ, ఆ పొడిలో ఏముండాది?"

అమ్మ నావైపు ఒక చూపు చూసి, "ఆకులే గదొదినా. ఆకులు ఏం జేస్తాయి?" అంది.

"గన్నేరూ ఆకే."

అమ్మ చేతిలో రొట్టె ఆగిపోయింది. "మరి నన్నేం చేయమంటావు? సూస్తా కూచోమంటావా? ఈసారి బస్సు చేన్లోకి కాకుండా వంకలోకి దిగితే?" అని అడిగింది. ఆ గొంతులో కోపం లేదు. ఆరిపోయినట్టుగా ఉంది. అత్త ఆమె పక్కన కూర్చుంది. "నిన్ను తప్పు పట్టలేదు మే. నాకూ తెలీదు ఇదేందో. తెలీనిది వాని కంచంలో పెట్టేముందర నా కంచంలో పెట్టు. వాడు రేపు నలభై మందిని ఎక్కించుకుని పోతాడు. నేను ఈపొద్దు ఎవురినీ ఎక్కించుకోను" అంది. అమ్మ ఒద్దంటే ఒద్దంది. అత్త తానే పొట్లం విప్పి, చెప్పిన మోతాదులో సగానికి సగం తీసి, సంగటిముద్దలో గుంట చేసి కలుపుకుని, ఊరుబిండి నంజుకుని తినేసింది. తిని చెయ్యి కడుక్కుని, తనకేమైనా అయితే పక్క వీధిలో హకీం దస్తగిరి సాయిబును పిలవమని చెప్పి, మళ్ళీ వచ్చి నా జడ ముగించింది. అలాంటి పని ఎవరూ చేయకూడదని ఈనాడు నేను ఎవరికైనా చెబుతాను. తెలియని పొడిని పరీక్షించే దారి అది కాదు. కానీ ఆరోజు ఆమెకు తెలిసిన తక్కెడ తన ఒళ్ళు ఒక్కటే.

గంట దాటాక నీళ్ళడిగింది. చెంబెడు తాగినా నాలుక తడి కాలేదంది. ముఖం ఎర్రబడింది. గోడ మీద క్యాలెండరు చూపించి అంకెలు కనిపించడం లేదంది. కాసేపటికి గాల్లో నుంచి దారాలు లాగి చుట్టుకుంటున్నట్టు వేళ్ళు ఆడించడం మొదలుపెట్టింది. నన్ను చూసి, ఎప్పుడో చనిపోయిన తన తల్లి, మా జేజి అనుకుని "అమ్మా" అని పిలిచింది. నేను చెప్పుల్లేకుండా ఎండలో పరుగెత్తాను.

హకీం దస్తగిరి సాయిబు అప్పటికే డెబ్బై దాటిన మనిషి. తెల్లగడ్డం, మోకాళ్ళ నొప్పి. మా వీధిలో హిందువుల పిల్లలకూ తురకల పిల్లలకూ దగ్గు వస్తే ఆయన దగ్గరికే. నా వెంట ఆయాసపడుతూ వచ్చి, అత్త కనురెప్పలు ఎత్తి చూశాడు. నల్లగుడ్డు కన్నంతా పరుచుకుని ఉంది. నాడి పట్టుకుని చాలాసేపు కూర్చున్నాడు. పొడి తెమ్మని, అరచేతిలో నీళ్ళు వేసి వేలితో పలచగా రాసి వెలుగులోకి పోయి చూశాడు. "ఉమ్మెత్త గింజ దంచినారమ్మా. పొట్టు కనపడతాంది సూడు" అన్నాడు. గదిలో వెలుగు రాకుండా కిటికీకి దుప్పటి కట్టించాడు. తడిగుడ్డతో ముఖం తుడుస్తూ ఉండమన్నాడు. నాడి గతి తప్పితే బండి మాట్లాడి పెద్దాసుపత్రికి పోదామని చెప్పి, గుమ్మం దగ్గర గోడకు ఆనుకుని కూర్చున్నాడు. మధ్యాహ్నం నమాజు అక్కడే మా వసారాలో చేసుకున్నాడు. పొద్దు వాలేసరికి అత్త తన పేరు తాను చెప్పగలిగింది. అప్పుడు గానీ ఆయన మంచినీళ్ళు తాగలేదు.

సాయిబు లేచి వెళ్ళబోతుంటే అమ్మ ఆయన కాళ్ళ దగ్గర కూర్చుంది. "హకీం సాయిబూ, మీ చేత్తో ఏదన్నా ఇయ్యండి. మిమ్మల్ని నమ్ముతా" అంది. ఆయన ఆమెను లేపి పీట మీద కూర్చోబెట్టాడు. తర్వాత ఆయన చెప్పిన మాట నాకు ఇప్పటికీ అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది.

"నాకాడ తాగుడు మాన్పే మందు లేదు తల్లీ. నేలఉసిరి, శొంఠి, ధనియాలతో కషాయం ఒకటి ఇస్తా. మా నాయన ఇచ్చేవాడు, నేనూ నలభై ఏండ్లుగా ఇస్తాండా. తాగి చెడిన కడుపుకు ఆకలి పుట్టడం సూసినా. తాగుడు మానడం సూడలేదు. ఇంకో మాట. గంగన్నకు పొద్దున్నే చేతులు వణకతాండాయి గదా. అట్లాటోడు ఇంట్లో ఒక్కసారిగా ఆపితే ఫిట్సు వస్తాయి, ప్రాణం మీదికి వస్తాది. ఓబులమ్మ ఆసుపత్రిలో చేర్పించండి. ఆడ సూదులుండాయి, నిద్రమందులుండాయి. నావల్ల అయ్యే పని కాదిది."

నేను పెద్దయి, పంతులమ్మనై, ఎందరో చదువుకున్నవాళ్ళను చూశాను. తన దగ్గరికి చేతులు జోడించి వచ్చిన మనిషితో "నావల్ల కాదు" అని అంత సూటిగా, అంత దయగా చెప్పినవాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టేంత మంది కూడా లేరు. ఆయనకు ఆ పూట మా అమ్మ నమ్మకం చాలు, ఏ ఆకు పొట్లం కట్టిచ్చినా కళ్ళకద్దుకుని తీసుకునేది. ఆయన ఆ నమ్మకాన్ని వాడుకోలేదు.

సాయంత్రం నాయన వచ్చేసరికి ఇంట్లో దీపం వెలిగించి ఉంది. అక్క పడుకుని ఉండడం చూసి గుమ్మంలోనే నిలబడిపోయాడు. ఏమని చెప్పాలో అమ్మకు తెలియలేదు. వేడి చేసిందని చెబుదామని నాతో అంది. అత్త ఆ మాట విని మోచేతి మీద లేచింది. "అబద్ధం చెప్పి మొదలుపెడితే మందుకైనా విలువుండదు" అంది. నాయనను దగ్గరికి పిలిచి, పొట్లం చూపించి, అది ఎక్కడిదో, ఎవరి కోసమో, తానేం చేసిందో అంతా చెప్పింది. నాలుక ఇంకా తడి ఆరిపోయే ఉంది. ప్రతి నాలుగు మాటలకూ నీళ్ళు తాగుతూ చెప్పింది.

నాయన ముఖం మొదట నల్లబడింది. "నన్నడక్కుండా నా కంచంలో మందు పెడతారా? నేనేమన్నా గొడ్డునా?"

"తప్పే. అందుకే పెట్టనియ్యలేదు. నేను తిన్న్యా" అంది అత్త.

నాయన దీపం ఎత్తి ఆమె ముఖం దగ్గర పెట్టి చూశాడు. ఆ కళ్ళు ఇంకా విచ్చుకునే ఉన్నాయి. "ఏం కనపడతాందక్కా నీకు?" అని అడిగాడు.

"నీ ముఖం ఉండాది గానీ, అంచుల్లేవు."

నాయన దీపం కింద పెట్టేశాడు. పొద్దున్నే ఆ కళ్ళతో తాను చక్రం పట్టుకుని ఉంటే ఎలా ఉండేదో ఆయన తలచుకున్నాడని నాకు అర్థమైంది. "ముద్దనూరు కాడ నాకు కూడా అంతే అక్కా. రోడ్డుకు అంచుల్లేవు" అన్నాడు. అత్త ఆయన చెయ్యి పట్టుకుంది. వణుకుతున్న ఆ చేతిని వణక్కుండా పట్టుకోవడానికి ఆమె ప్రయత్నించలేదు. ఊరికే పట్టుకుని ఉంది. "ఆసుపత్రిలో పదిదినాలుండల్ల. శానా కష్టంగా ఉంటాది. నేను పక్కనే ఉంటా. వస్తావా?" అని అడిగింది. నాయన తల ఊపాడు. ఈసారి ఏదైనా ఆయనను అడిగాకే.

మర్నాడు పొద్దున నాయన తన బస్సులో ప్రయాణికుడిగా ఎక్కాడు. వేరే డ్రైవరు నడుపుతుంటే వెనక సీట్లో, పక్కన అక్క, ఒళ్ళో సంచి. దారిలో ఎక్కినవాళ్ళంతా ఏమైంది గంగన్నా అని అడిగితే, "ఆసుపత్రికి పోతాండా, తాగుడు మానడానికి" అని చెప్పాడట. ఆ మాట అత్తే నాకు తర్వాత చెప్పింది. అది చెప్పేటప్పుడు ఆమె గొంతులో ఉన్న గర్వం, తన గురించి చెప్పుకునేటప్పుడు ఎన్నడూ వినలేదు.

ఆసుపత్రిలో మూడోరోజు నాయన పరిస్థితి చెడింది. గోడ మీద చీమలు పాకుతున్నాయని అరిచాడు. మంచం దిగి బస్సు టైమయిందని బయలుదేరాడు. అమ్మా నేనూ వెళ్ళినప్పుడు ఆయన మమ్మల్ని గుర్తుపట్టలేదు. దొరసాని డాక్టరమ్మ సూది వేసి, సెలైను పెట్టి, ఇది ఇంట్లో జరిగి ఉంటే మనిషి దక్కేవాడు కాదేమో అని వచ్చీరాని తెలుగులో చెప్పింది. అమ్మకు అప్పుడు హకీం సాయిబు మాట గుర్తొచ్చి అక్కడే వరండాలో కూర్చుని ఏడ్చింది. అత్త తన డ్యూటీ తాను చేసుకుంటూ, ఖాళీ దొరికినప్పుడల్లా వచ్చి తమ్ముడి పక్కన కూర్చుని, చిన్నప్పటి మేకల పేర్లు, చేల పేర్లు చెబుతూ ఉండేది. ఆరోరోజుకు ఆయన ఒక మేక పేరు తప్పని సరిదిద్దాడు. ఆపూట అత్త మాకు టీ ఇప్పించింది. ఇంటికి పంపేటప్పుడు డాక్టరమ్మ సాయిబు కషాయం సంగతి అడిగింది. సాయిబు తన మందులో ఏమేమి, ఎంతెంత వేస్తాడో ఒక కాగితం మీద రాయించి ఇచ్చి ఉన్నాడు. ఆమె చదివి, దీనివల్ల తాగుడు మానతాడని తాను చెప్పలేనని, కానీ ముందు కాలేయం కుదుటపడనిచ్చి, ఒక నెల తర్వాత చూసి చెబుతానని అంది. ఒకరినొకరు ఎన్నడూ చూడని ఆ ఇద్దరూ ఒకే తీరుగా మాట్లాడారని అత్త మురిసిపోయింది.

నాయన ఆ తర్వాత జీవితమంతా చుక్క ముట్టలేదని రాస్తే బాగుంటుంది. కానీ ఆరు నెలలకు పులివెందులలో ఒక పెళ్ళిలో తాగాడు. మర్నాడు పొద్దున తానే బండి ఎక్కనని ఓనరుకు చెప్పి, నడుచుకుంటూ పోయి దొరికిన లారీ పట్టుకుని జమ్మలమడుగు చేరి, ఆసుపత్రి మెట్ల మీద కూర్చున్నాడు. అత్త చూసి పడక వేయించింది. ఆ రెండోసారి తర్వాత మాత్రం నాకు తెలిసి తాగలేదు. ఓనరు ఒక ఏడాది పాటు బండి ఇవ్వకుండా క్లీనరు పని చేయించాడు. నాయన తన కింద నేర్చుకున్న డ్రైవరు దగ్గరే చక్రాలు కడిగి, ఆ ఏడాది తర్వాత మళ్ళీ చక్రం పట్టుకున్నాడు. చెయ్యి విరిగిన నిడుజివ్వి అవ్వ ఆయన బండే ఎక్కేది. మొదటిరోజు ఎక్కుతూ, "ఇప్పుడు చేతులు బాగుండాయా నాయనా?" అని అడిగిందట. తన చెయ్యి గురించి కాదు, ఆయన చేతుల గురించి.

ఇన్నేళ్ళ తర్వాత ఆలోచిస్తే, ఆయనను ఏది మాన్పించిందో నేను తేల్చి చెప్పలేను. సూదులా, నెల తర్వాత డాక్టరమ్మ సరేనన్నాక తాగిన కషాయమా, అక్కా, విరిగిన చెయ్యా, ఏడాది పాటు కడిగిన చక్రాలా? ఈ కాలంలో ఫోను తెరిస్తే చాలు, ఏడు రోజుల్లో మాన్పించే ఆకుల మందులు వరసగా కనిపిస్తాయి. వాటి కింద మాకు పనిచేసిందని రాసే పేర్లకు ముఖాలుండవు. గండి దారిలో గోనెపట్ట పరుచుకున్న గడ్డపాయనకైనా ఒక ముఖం ఉండేది. మర్నాడు పోయి అడగడానికి ఆయన లేకపోయినా, ఫలానా చోట కూర్చున్నాడని చెప్పుకోగలిగాం. అలాగని అప్పటి కాలమంతా నిజాయితీ అనీ, ఇప్పుడంతా మోసమనీ నేను అనను. మోసం అప్పుడూ ఉంది, నీలం మంటగా మండి చూపించింది. మంచి డాక్టర్లు ఇప్పుడూ ఉన్నారు, మందులు అప్పటికంటే మెరుగైనాయి. నాకు కరువుగా తోచేది ఇంకొకటి. తమకు తెలిసినంత వరకే చెప్పి అక్కడ ఆగిపోయే మనుషులు.

ఆ ఆగడం ఎంత కష్టమో నాకు తెలుసు. నాయన బండెక్కిన వార్త దారి పొడవునా పాకింది. వేముల నుంచీ, ముద్దనూరు నుంచీ ఆడవాళ్ళు ఓబులమ్మత్తను వెతుక్కుంటూ రాసాగారు. ఆమె ఒక్క పొట్లం కట్టి ఇచ్చి ఉంటే దేవత అయిపోయేది. ఒక ఆదివారం చక్రాయపేట నుంచి ఒకామె వచ్చింది. నా కంటే నాలుగైదేళ్ళు పెద్దదేమో. పెదవి పక్కన వాచి ఉంది. చంకలో కోడిపెట్ట. అత్త రొట్టె తింటూ ఉంది. ఆరోజు సెలవు కావడంతో నాయన వసారాలో కూర్చుని చొక్కా గుండీ కుట్టుకుంటున్నాడు.

"గంగన్నకు పెట్టిన మందు నాకూ ఇయ్యమ్మా" అని ఆమె కోడిని అత్త ముందు పెట్టింది.

"కోడిని తీసుకో తల్లీ. అట్లాటి మందు లేదు" అంది అత్త.

ఆమె నమ్మలేదు. తక్కువ తెచ్చాననుకుంది. చెవి కమ్మలు విప్పబోయింది. అత్త ఆమె చేతులు పట్టుకుని దించి, జరిగింది జరిగినట్టు చెప్పింది. ఉమ్మెత్త పొడి, మూడోరోజు చీమలు, పులివెందుల పెళ్ళి, అన్నీ చెప్పింది. తమ్ముడు వింటున్నాడని ఏదీ దాచలేదు. నాయన సూది ఆపి తల వంచుకుని విన్నాడు. ఆమె అంతా విని, కొంగుతో ముఖం తుడుచుకుని, "ఆసుపత్రికి పోతే ఖాయంగా మానతాడా?" అని అడిగింది.

అత్త ముఖంలో అప్పటి తటపటాయింపు నాకు ఇప్పటికీ కనిపిస్తుంది. ఒక్క అబద్ధం చెబితే ఎదురుగా ఉన్న మనిషికి ఊపిరి ఆడుతుంది. "మానొచ్చు, మానకపోనూ వచ్చు. నేను ఖాయమని చెప్పలేను. ఆయప్పకు చెప్పే పిల్చకరావల్ల, మోసం చేసి కాదు. వస్తే మాత్రం నేను పక్కనుంటా" అంది.

అప్పుడు నాయన లేచి వచ్చాడు. ఆసుపత్రికి పోయిన నాడు బస్సులో తప్ప, తన తాగుడు గురించి బయటివాళ్ళ ముందు ఆయన నోరు విప్పడం మేము ఎన్నడూ వినలేదు. ఆమెకు కాస్త ఎడంగా కూర్చుని, "నేనొచ్చి మాట్లాడతా మీ ఆయనతో. నాకు తిట్లు పడినా పర్వాలేదు. ఒప్పుకుంటే నా బండిలో, నా పక్క సీట్లో కూచోబెట్టుకుని ఆసుపత్రి గేటు కాడ దింపుతా" అన్నాడు.

ఆమె ఆయన చేతుల వైపు చూసింది. ఒక చేతిలో గుండీ, ఇంకో చేతిలో దారం ఎక్కించిన సూది. కోడిని మళ్ళీ చంకలో పెట్టుకుని లేచి, చీర సర్దుకుని అడిగింది.

"మీ బండి ఎన్నింటికి పోతాదన్నా?"